ఎల్లమాస నాటి అబద్ధం

గిరీశ్ పొద్దున లేచి దేనిమీదో ఒకదాని మీద సణగందే పళ్ళు కూడా తోముకోడు. విడ్డూరమేమిటంటే ఆ సణుగుడే అతనికి అన్నం పెడుతోంది. మైకు చేతికిస్తే చాలు, క్రికెట్‌తో మొదలుపెడతాడు. ఓవర్ల మధ్యలో ప్రకటనలు వస్తున్నాయా, ప్రకటనల మధ్యలో ఓవర్లు వస్తున్నాయా తేల్చి చెప్పమని జనాన్ని నిలదీస్తాడు. అక్కడినుంచి తిండి మీదికి దూకుతాడు. చిన్నప్పుడు జొన్నరొట్టె వద్దని ఏడిస్తే వీపు చిట్లగొట్టారట, ఇప్పుడు అదే రొట్టెను హైదరాబాద్‌లో నల్లరాతి పలక మీద పెట్టి, పైన రెండు కొత్తిమీర ఆకులు చల్లి, నోరు తిరగని పేరు పెట్టి అమ్ముతుంటే నవ్వుతూ తినాలట. కోహీర్ జామకాయను ముక్కలు కోసి డబ్బాలో పెట్టి పుల్ల గుచ్చి అమ్మేవాళ్ళను జైల్లో వెయ్యాలంటాడు. జామకాయ కొరకలేనివాడికి జామకాయ ఎందుకని అడుగుతాడు. జహీరాబాద్ చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో, కొత్త దుకాణాల ప్రారంభాల్లో, క్రికెట్ పోటీల కామెంట్రీలో అతని సణుగుడు వినడానికి జనం ఎగబడతారు.

ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వరు. అతను నోరు తెరవగానే భార్య పూజ టీవీ సౌండు పెంచుతుంది.

అలాంటి గిరీశ్‌కు ఇన్నేళ్ళకు ఒక పెద్ద అవకాశం తగిలింది. హైదరాబాద్‌లో ప్రణయ్ అని కామెడీ షోలు పెట్టే అతను కెమెరాల ముందు నిలబడి మాట్లాడమని పిలిచాడు. పోయినసారి కూడా పిలిచాడు. టోల్‌గేటు దగ్గర ఇరుక్కుని గిరీశ్ చేరేసరికి హాల్లో కుర్చీలు మడతపెడుతున్నారు. అందుకే ఈసారి ప్రణయ్ మర్యాదగానే, కానీ ఖరాకండిగా చెప్పాడు. సాయంత్రం ఏడింటికి రాకపోతే ఇక ఫోన్ చెయ్యనన్నాడు. గిరీశ్‌కు నాలుగు రోజుల నుంచి నిద్ర లేదు, కాలు ఒకచోట నిలవడం లేదు.

తిప్పలంతా ఎక్కడంటే, హైదరాబాద్‌వాళ్ళు షో పెట్టిన రోజు ఎల్లమాస. వాళ్ళ క్యాలెండర్లో అది ఉత్త అమావాస్య. జహీరాబాద్, న్యాల్‌కల్, ఆ పక్క కర్ణాటక పల్లెలకు మాత్రం ఏడాదికంతా పెద్ద పండుగ. ఆ రోజు ఇళ్ళలో పిల్లి కూడా ఉండదు. అందరూ చేన్లకు పోతారు. జొన్నచొప్పతో గుడిసె కట్టి, లోపల అయిదు రాళ్ళు నిలిపి పాండవులని మొక్కుతారు. జొన్నరొట్టె, సజ్జరొట్టె, అంబలి, వాటన్నిటికీ పెద్దదిక్కుగా బజ్జి. బజ్జి అంటే నూనెలో వేయించే మిరపకాయ బజ్జి కాదు. పచ్చిశనగలు, కందిగింజలు, చిక్కుడు, వంకాయ, మెంతికూర, చేతికి దొరికిందల్లా ఒకే కుండలో వేసి చింతపులుసుతో ఉడికించే కూర. ఆ రోజు చేను పక్కనుంచి పోయేవాణ్ణి పిలిచి పెట్టాలి. ముఖం తెలిసినా తెలియకున్నా పెట్టాలి. వాడు వద్దంటే అది తిండిని వద్దన్నట్టు కాదు, చేనుకు శాపం పెట్టినట్టు.

న్యాల్‌కల్ రోడ్డు మీద ఉన్న అన్న శివకుమార్ చేన్లో పాండవులకు మొక్కుకుని, ఒక రొట్టె కతికి, మధ్యాహ్నానికల్లా జహీరాబాద్ బస్టాండు చేరాలని గిరీశ్ లెక్క. కానీ దీపావళి ఆఫర్లో కొన్న కరెంటు స్కూటర్ ఉంది చూశారూ, అది చేనుగట్టు మీదే మొండికేసింది. తాళం తిప్పితే అద్దం మీద అక్షరాలు వెలిగాయి. అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి బండి ఆపవద్దు అని. కదలని బండిని ఆపడమేమిట్రా అని గిరీశ్ నెత్తి కొట్టుకున్నాడు. వెనకటికి బండి చెడితే ఒక తన్ను తంతే నడిచేది, ఇప్పుడు బండిని తన్నాలన్నా యాప్‌లో అనుమతి తీసుకోవాలని పళ్ళు నూరాడు. ఆ మాట బాగుందనిపించి రాత్రి షోలో వాడుకోవాలని గుర్తుపెట్టుకున్నాడు. అన్న మోటర్‌సైకిల్ మీద చుట్టాలను తేవడానికి బీదర్ పోయాడు. ఆటోలవాళ్ళంతా ఎవరి చేన్లో వాళ్ళున్నారు. షోలో వేసుకునే కోటు సంచిలో పెట్టుకుని గిరీశ్ కాలినడకన బయల్దేరాడు. దారి ఎక్కువేం కాదు, కానీ దారి పొడుగునా చేన్లే.

మొదటి చేను మాణిక్‌ది. మాణిక్ అతనితో కలిసి చదివినవాడు, ఇప్పుడు చెరుకు వేస్తాడు. దూరంనుంచే చూసి ఉరికొచ్చి సంచి పట్టుకున్నాడు. బస్సుందని గిరీశ్ ఎంత చెప్పినా, బస్సు డ్రైవర్ కూడా ఏదో చేన్లో తింటూ ఉంటాడులే అని లాక్కుపోయాడు. రెండు రొట్టెలు, బజ్జి, పైన అంబలి. గిరీశ్ తింటున్నంతసేపూ గడియారం చూస్తూనే ఉన్నాడు. లేచేసరికి మాణిక్ భార్య ఎర్రంచు తువ్వాలలో నాలుగు రొట్టెలు, ప్లాస్టిక్ డబ్బా నిండా బజ్జి మూటకట్టి దారికని చేతిలో పెట్టింది. దారి హైదరాబాద్‌కు గానీ కాశీకి కాదు తల్లీ అందామనుకున్నాడు, నోట్లో రొట్టె ఉంది.

రెండోది నారమ్మ చేను. నారమ్మ పెద్దమనిషి, ఊళ్ళో సగంమందికి పురుడు పోసిన చెయ్యి. ఆమెకు వద్దని చెప్పిన మగాడు ఇంకా పుట్టలేదు. అక్కడా తిన్నాడు. ఆమె స్టీలు డబ్బా నింపి, గట్టిగా మూతపెట్టి, డబ్బా మాత్రం తిరిగి తెచ్చియ్యాలని రెండుసార్లు చెప్పింది. ఆన్‌లైన్లో తిండి తెప్పించుకుంటే తెచ్చినవాడు డబ్బా అడగడు, ఇక్కడ డబ్బా మీద ఉన్న ప్రేమ మనిషి మీద లేదని గిరీశ్ గొణుక్కున్నాడు. సంచి బరువెక్కింది. కోటు మీద బజ్జి కారుతుందేమోనని గుండె పీచుపీచుమంది. కడుపు గొంతుదాకా వచ్చింది. అప్పుడే ప్రణయ్ ఫోన్ చేసి బయల్దేరారా అని అడిగితే, బస్సులో ఉన్నానని చెప్పి పెట్టేశాడు.

మూడో చేను దగ్గర రామ్‌కిషన్ రోడ్డుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. అల్లం పండించే రైతు, మనిషి దిట్టం, పక్కకు తప్పించుకుపోయే సందు లేదు. గిరీశ్ చేతులు జోడించాడు. తిన్నానన్నాడు. ఎవరి చేన్లో అని రామ్‌కిషన్ అడిగాడు. మాణిక్ పేరో నారమ్మ పేరో చెబితే, వాళ్ళ చేన్లో తిని నా చేన్లో తినవా అంటాడని గిరీశ్‌కు తెలుసు. అందరి నోరూ మూయించే పేరు ఒక్కటే ఉండేది. ఇరవై ఏళ్ళ పాటు ఆ రోడ్డు మీద ఎవరు ఎవరినుంచి తప్పించుకోవాలన్నా అదే చెప్పేవారు. ఆ అలవాటే గిరీశ్ నాలుకను తిప్పింది.

“పొద్దుగాల వచ్చేటప్పుడు చెన్నబసప్ప కాక చేన్ల తిన్న” అన్నాడు.

అన్నంతసేపు పట్టలేదు, ఏమన్నాడో తనకే అర్థం కావడానికి. రామ్‌కిషన్ చాచిన చేతులు అలాగే కిందికి దిగిపోయాయి.

చెన్నబసప్ప చేను రోడ్డు చివర, జహీరాబాద్‌కు ఆనుకుని ఉంటుంది. ఆయన భార్య గిరిజమ్మ వండే బజ్జి ముందు ఎవరి బజ్జీ నిలిచేది కాదు. అక్కడ తిన్నవాణ్ణి ఇంకో చోట తినమనడం మర్యాద కాదని అందరూ ఒప్పుకునేవారు. గిరీశ్ చిన్నప్పుడు ప్రతి ఎల్లమాసకూ అక్కడికే పోయేవాడు. కడుపునిండా తిని, మూతి తుడుచుకుని, ఉప్పు తక్కువైందని వంక పెట్టేవాడు. గిరిజమ్మ కోప్పడేది కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వేది. అందరినీ పిలిచి, వీడు ఏమంటున్నాడో వినండని మళ్ళీ చెప్పించేది. సణిగితే జనం నవ్వుతారని గిరీశ్‌కు మొదట తెలిసింది అక్కడే.

గిరిజమ్మ చనిపోయినప్పటి నుంచి చెన్నబసప్ప చేన్లో గుడిసె లేవలేదు, పొయ్యి వెలగలేదు. ఎవరినీ పిలవలేదు. పిలవని చోటికి ఎవరూ పోలేదు. రెండు ఎల్లమాసలు అలాగే గడిచాయి.

రామ్‌కిషన్ కళ్ళు చెమర్చాయి. మంచి మాట చెప్పావని గిరీశ్ భుజం తట్టి, వెనక్కి తిరిగి పెళ్ళాన్ని కేకేశాడు. చెన్నబసప్ప మళ్ళీ ఎల్లమాస చేస్తున్నాడట, నడువు, పోయి రెండు ముద్దలు తిని వద్దాం అన్నాడు. వెంటనే ఫోన్ తీసి మాణిక్‌కు చెప్పాడు. పక్క చేనుకు వినబడేలా అరిచి నారమ్మకు చెప్పించాడు. గిరీశ్ ఆగమని చెప్పబోయాడు. అబద్ధమని ఒప్పుకుంటే రొట్టె తినాలి, రొట్టె తింటే బస్సు పోతుంది. అంత చిన్న లెక్క చూసుకుని ఊరుకున్నాడు. తరవాత తన మీద తనకే అసహ్యం వేసింది గానీ, అప్పటికి కాళ్ళు ముందుకే నడిచాయి.

కాస్త దూరం పోగానే వెనకనుంచి బస్సు హారన్ వినబడింది. నమ్మశక్యం కాలేదు. న్యాల్‌కల్ వైపు నుంచి నిజం బస్సు, డ్రైవరుతో సహా. చెయ్యెత్తితే ఆగింది కూడా. లోపల నలుగురే ఉన్నారు. కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, షోలో మొదటి మాట ఏం చెప్పాలో మనసులో తిప్పుకోవడం మొదలుపెట్టాడు. క్రికెట్ ముందా, స్కూటర్ ముందా. మాటలు కుదురుకోవడం లేదు. క్రికెట్ అనుకుంటే రామ్‌కిషన్ కళ్ళు గుర్తొస్తున్నాయి, స్కూటర్ అనుకుంటే నారమ్మ గుర్తొస్తోంది. వాళ్ళంతా ఆశగా పోతారు. అక్కడ గుడిసె ఉండదు. పొయ్యి ఉండదు. ఎల్లమాస నాడు చేనుకు వచ్చిన మనిషికి పెట్టడానికి ఏమీ లేక నిలబడడం చెన్నబసప్పకు చావుతో సమానం. వాళ్ళే సర్దుకుంటారులే అనుకున్నాడు. నాకేం పట్టిందనుకున్నాడు. సీట్లో ఇటు కదిలాడు, అటు కదిలాడు.

ఊరి మొదట్లో చెన్నబసప్ప చేను కనిపించింది. శనగచేను పచ్చగా ఉంది. దాని మధ్య ముసలాయన ఒక్కడే, రోజువారీ బట్టల్లో, వంగి నీళ్ళ పైపు అతుకుతున్నాడు. లోకానికంతా పండుగైతే ఆయనకు పనిరోజు. వెనక రోడ్డు మీద ట్రాక్టర్ చప్పుడు. తిరిగి చూడకుండానే అది రామ్‌కిషన్ ట్రాక్టరని గిరీశ్‌కు తెలిసింది.

“ఆపు జర, దిగుత” అన్నాడు.

బస్టాండు ఇంకా రాలేదని కండక్టర్ విసుక్కున్నాడు. గిరీశ్ అప్పటికే దిగేశాడు.

చెన్నబసప్ప అతన్ని చూసి పైపు వదిలి నడుము పట్టుకుని లేచాడు. తెల్లటి మీసం, మాట తక్కువ మనిషి. గిరీశ్‌కు మాటలే తిండి కదా, ఆ పూట ఒక్క మాటా సరిగ్గా రాలేదు.

“కాకా, నేనొక గలీజ్ పని చేసిన. నీ చేన్ల తిన్ననని రామ్‌కిషన్‌కు చెప్పిన. ఆళ్ళందరు ఇటే వస్తున్రు.”

చెన్నబసప్ప రోడ్డు వైపు చూశాడు. చేతిలో ఉన్న గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

“ఆమె లేకుంట ఈ చేన్ల పొయ్యి ఎట్ల ముట్టియ్యాలెర? గిప్పుడు వచ్చినోళ్ళకు ఏం పెట్టాలె నేను? మన్ను పెట్టాల్నా?”

కోపంతో అన్న మాట కాదది. తిట్టినా బాగుండేదని గిరీశ్‌కు అనిపించింది. అప్పుడు భుజం లాగింది. సంచి బరువు గుర్తొచ్చింది. ఇంతసేపూ తిట్టుకుంటూ మోసిన మూటలు. గబగబా సంచి తెరిచి, కోటు తీసి అవతల పడేసి, ఎర్రంచు తువ్వాల, ప్లాస్టిక్ డబ్బా, స్టీలు డబ్బా గట్టు మీద వరసగా పెట్టాడు. చెన్నబసప్ప వాటిని చూశాడు. గిరీశ్‌ను చూశాడు. చొప్పకుప్ప దగ్గరికి నడిచాడు. ఇద్దరూ చెరొక మోపు జొన్నచొప్ప తెచ్చి తలలు కలిపి నిలబెట్టారు. గుడిసె ఒంకరగా, తాగినవాడు నిలబడ్డట్టు నిలబడింది. అయిదు రాళ్ళు గట్టు పక్కన గడ్డిలోనే ఉన్నాయి. చెన్నబసప్ప వంగి ఒక్కొక్కటే చేత్తో తుడిచి లోపల పెట్టాడు. చివరి రాయి పెట్టేటప్పుడు చాలాసేపు లేవలేదు. గిరీశ్ అటు తిరిగి నిలబడ్డాడు.

ట్రాక్టర్ వచ్చింది. రామ్‌కిషన్, అతని పెళ్ళాం, మాణిక్, అతని భార్య, వెనక ట్రాలీలో నారమ్మ, ఇంకా చుట్టుపక్కల చేన్లవాళ్ళు కొందరు. వస్తూనే అందరి చూపూ గుడిసె మీద పడింది. తరవాత ఆరిన పొయ్యి కోసం వెతికింది. పొయ్యి లేదు. బూడిద కూడా లేదు. చెన్నబసప్ప తల వంచుకుని రొట్టె విరిచి, పైన బజ్జి పెట్టి ఒక్కొక్కరికీ అందించాడు.

మాణిక్ భార్య ఎర్రంచు తువ్వాలను చూసింది. మాణిక్ కూడా చూశాడు. నోరు తెరవబోయిన మొగుణ్ణి ఆమె మోచేత్తో ఒక్కటి పొడిచింది. నారమ్మ తన స్టీలు డబ్బాను గుర్తుపట్టింది. పట్టక చస్తుందా, మూత మీద ఇంత పెద్ద అక్షరాలతో ఆమె పేరు చెక్కి ఉంది. ఆమె కదిలి వచ్చి, ఏదో సర్దుతున్నట్టుగా ఆ మూతను పేరు కిందికి వచ్చేలా తిప్పి పెట్టింది. తరవాత తాను వండిన బజ్జినే తాను ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకుంది.

“గిరిజమ్మ చెయ్యి పడ్డట్టే ఉన్నది” అంది.

అందరూ అవునన్నారు. మాణిక్ అయితే తన ఇంటి రొట్టెనే ఇంకో ముక్క అడిగి మరీ తిన్నాడు. చెన్నబసప్పకు తెలుసు. వాళ్ళకూ తెలుసు. ఎవరికీ తెలియనట్టు అందరూ తిన్నారు. ఎల్లమాస ఆనవాయితీగా రామ్‌కిషన్ పిడికెడు గింజలు తీసుకుని చేను చుట్టూ చల్లడానికి లేచాడు, వెనక మిగతావాళ్ళు కేకలు పెడుతూ నడిచారు. రెండేళ్ళుగా చప్పుడు లేని చేను గోలగోలగా అయింది.

ఆ గోలలోనే ప్రణయ్ ఫోన్ వచ్చింది. ఎక్కడిదాకా వచ్చారని అడిగాడు. గిరీశ్‌కు అబద్ధం చెప్పే ఓపిక మిగల్లేదు. రాలేనని చెప్పాడు. సరే అన్నా, ఇంకొకరిని చూసుకుంటానని ప్రణయ్ పెట్టేశాడు. ఆ నంబరు ఇక మోగదని గిరీశ్‌కు తెలుసు. గట్టు మీద పడున్న కోటు తీసి దుమ్ము దులిపాడు. దాని మీద బజ్జి మరక పడనే పడింది. ఏడుపొచ్చింది. ఎవరి మీదైనా సణుగుదామంటే తన మీద తప్ప మనిషి దొరకలేదు.

జనం చేను అవతలి కొసకు పోయాక చెన్నబసప్ప అతని దగ్గరికి వచ్చాడు. చేతిలో రొట్టె, దాని మీద అడుగూబొడుగూ ఊడ్చి పెట్టిన బజ్జి. గిరీశ్ కడుపు పట్టుకున్నాడు. పొద్దుటినుంచి అన్న చేనుతో కలిపి మూడు చేన్ల తిండి లోపల ఉందని, ఒక్క మెతుకు పట్టదని, దండం పెడతానని చెప్పాడు. ముసలాయన వినలేదు.

“నా చేన్ల తిన్ననని నలుగుర్ల చెప్పినవ్. తినకుంట పోతె నీ మాట అబద్ధమైతది. కూసో.”

గిరీశ్ కూర్చున్నాడు. చెన్నబసప్ప ఎదురుగా గట్టు మీద కూర్చుని, చూపు తిప్పకుండా అతని నోటివైపే చూస్తున్నాడు. మొదటి ముద్ద గొంతు దిగడానికి ఒక యుగం పట్టింది. రెండోది నీళ్ళతో మింగాడు. కడుపు నొప్పో ఇంకేదో తెలియదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చివరి ముక్కతో రొట్టె మీది పులుసు తుడిచి నోట్లో పెట్టుకున్నాడు. మూతి తుడుచుకున్నాడు. ముసలాయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. దేనికోసం చూస్తున్నాడో గిరీశ్‌కు అప్పుడు తట్టింది.

“ఉప్పు తక్కువైంది కాకా” అన్నాడు.

చెన్నబసప్ప మీసం కదిలింది. భుజాలు కదిలాయి. కండువా తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు, అచ్చం ఆమె కొంగు పెట్టుకున్నట్టే. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చెప్పడం కష్టంగా ఉంది. కాసేపటికి కళ్ళు ఒత్తుకుని, చేను అవతల ఉన్నవాళ్ళకు వినబడేలా గొంతెత్తాడు.

“ఓ నారమ్మా, ఇటు రాండ్రి అందరు. ఈడేమంటుండో ఇనుండ్రి.”